తలుపు తీస్తే బెల్లానికి చెమట

మన అనకాపల్లి బెల్లం దాచే కోల్డ్ స్టోరేజీల్లో అసలు చిక్కు తలుపు దగ్గరే ఉందంటాను నేను.

చల్లగాలి బరువెక్కువ. తలుపు తీయగానే అది కిందినుంచి బయటికి జారిపోతుంది, పైనుంచి వేడిగాలి లోపలికి దూరుతుంది. తలుపు వెడల్పు రెట్టింపైతే ఈ లీకేజీ 2 రెట్లు. ఎత్తు రెట్టింపైతే దాదాపు 2.8 రెట్లు!

వేడికంటే తేమతోనే ప్రమాదం. 30 డిగ్రీల దగ్గర, 80 శాతం తేమున్న ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటిఆవిరి ఉంటుంది. 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములే నిలుస్తుంది. మిగతా 17 గ్రాములు కాయిల్ మీద మంచుగానో, దిమ్మల మీద చెమ్మగానో చేరతాయి. చెమ్మ తగిలిన బెల్లం నీరుకారిపోతుంది, రేటు పడిపోతుంది.

రేపు మనం ఇంజనీర్లమై అక్కడికెళ్తే, కంప్రెసర్ సైజు తర్వాత చూద్దాం. దారికి అడ్డమని ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్లు పైకి కట్టేసి ఉంటే, ముందు వాటిని దించిద్దాం.