పేరు దాచిన వైఫై: దాగేదెంత? కాచేదేది?

గోడకు గోడ ఆనుకొని అద్దె ఇళ్లుండే వీధులలో ఫోను తెరవగానే ఇరుగుపొరుగు వైఫైల పేర్లు వరుసగా కనిపిస్తాయి. మన పేరు ఆ వరుసలో లేకపోతే మన జోలికి ఎవరూ రారన్న నమ్మకంతో కొందరు రూటరులో పేరును దాచివేసి, పాస్‌వర్డు విషయంలో అశ్రద్ధ వహిస్తారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పేరు ఎలా దాగుతుంది?

రూటరు తన ఉనికిని తెలిపే చిన్న ప్రకటనను సాధారణంగా సెకనుకు సుమారు 10 సార్లు రేడియో తరంగాలపై వెలువరిస్తుంది. దీనిని బీకన్ అంటారు. అందులో నెట్‌వర్కు పేరు, రూటరు రేడియో చిరునామా, రక్షణ పద్ధతి మొదలైనవి ఉంటాయి. దాచమన్నప్పుడు రూటరు పేరు ఉండవలసిన చోటును మాత్రమే ఖాళీగా విడిచిపెడుతుంది. ప్రకటన ఆగదు, తక్కిన వివరాలు యథాతథంగా వెలువడుతూనే ఉంటాయి.

ఎలా బయటపడుతుంది?

ఇంటివారి ఫోను ఆ నెట్‌వర్కులో చేరాలంటే పేరు పలకక తప్పదు. "ఫలానా పేరుగల నెట్‌వర్కు ఇక్కడ ఉన్నదా?" అని ఫోను అడుగుతుంది, రూటరు అదే పేరుతో బదులిస్తుంది. చేర్చుకొమ్మని పంపే అభ్యర్థనలోనూ ఆ పేరే ఉంటుంది. పాస్‌వర్డు ఆధారంగా సమాచారం గుప్తమయ్యేది ఈ పలకరింపులు ముగిసిన తరువాతనే. కనుక కిస్మెట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో సమీపంలో మౌనంగా వింటున్నవారికి, ఇంట్లో ఒక్క ఫోను చేరగానే పేరు తెలిసిపోతుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. రూటరు మౌనం వహించినందున అడిగే భారం ఫోనుపై పడుతుంది. బస్సులోనో బజారులోనో ఉన్నప్పుడు సైతం కొన్ని ఫోన్లు ఆ పేరును పిలుస్తూనే ఉంటాయి. పేరులో ఇంటిపేరో ఫ్లాటు సంఖ్యో ఉంటే దానిని దారి పొడవునా చాటినట్లే.

నిజమైన తాళం ఏది?

గుమ్మం మీది పేరు పలక తీసివేసినంత మాత్రాన తలుపుకు తాళం పడదు. ఆ తాళం పాస్‌వర్డే.

1. రూటరులో డబ్ల్యు.పి.ఎ.3 పద్ధతిని, అది లేనిచో డబ్ల్యు.పి.ఎ.2ను ఎంచుకోండి. పాతబడిన డబ్ల్యు.ఇ.పి.ని వాడకండి.

2. డబ్ల్యు.పి.ఎ.2లో పాస్‌వర్డు 8 నుండి 63 అక్షరాల వరకు ఉండవచ్చు. ఫోను చేరే వేళ జరిగే సంభాషణను నమోదు చేసుకొని, తీరికగా పాస్‌వర్డును ఊహించి సరిచూసేవారుంటారు. అందువల్ల ఫోను నంబరు, పుట్టిన తేదీ పనికిరావు. పొంతన లేని నాలుగైదు మాటలను కలిపి పొడవైన పాస్‌వర్డు పెట్టుకోండి.

3. రూటరు అమరికలను తెరిచే పాస్‌వర్డు వేరు. కంపెనీ ఇచ్చినదానిని మార్చండి. బొత్తాము నొక్కి లేదా పిన్ సంఖ్యతో చేర్చే డబ్ల్యు.పి.ఎస్. సౌకర్యాన్ని ఆపివేయండి.

4. అతిథులకు గెస్ట్ నెట్‌వర్కు ఇవ్వండి. మీ వైఫైని పంచుకున్నవారు ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాస్‌వర్డు మార్చండి.

మోసపు తలంపుతో, అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్కులో ప్రవేశించడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం శిక్షార్హం. అయినా, ఎవరో మీ వైఫై ద్వారా తప్పు చేస్తే విచారణ ముందుగా కనెక్షను ఎవరి పేరున ఉన్నదో వారి గుమ్మానికే వస్తుంది. పేరు దాచడం, దాచకపోవడం మీ ఇష్టం. పాస్‌వర్డును మాత్రం ఈ రోజే సరిచూసుకోండి.