బ్రేకరుకు తీగ కలిపే ముందు

హనుమాన్ జంక్షన్

చి. బుజ్జమ్మకు,

మల్లవల్లి ఫ్యాక్టరీలో ఎల్‌టీ ప్యానెల్ బాధ్యత నీకిచ్చారనీ, అందులో బ్రేకర్లన్నిటినీ కంప్యూటరుకు కలిపే పని కూడా నీ చేతిలోనే పెట్టారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివిన పిల్లకి చదువుకున్న ఊరి పక్కనే ఇలాంటి పని దొరకడం మా రోజుల్లో ఊహించలేదు. ఆ మల్లవల్లిలోనే 2025 మార్చిలో అశోక్ లేలాండ్ వాళ్ల బస్సుల ఫ్యాక్టరీ మొదలైంది. ఇక ముందు ఈ చుట్టుపక్కల ఇలాంటి పని తెలిసిన పిల్లల అవసరం పెరుగుతుందే కానీ తగ్గదు.

మామిడి తోటల్లో పూత నిలబడింది. కాయ దిగడం మొదలైతే మీ గుజ్జు లైను పగలూ రాత్రీ ఆగదు. ఆ లోపే పని ముగించమని పైవాళ్లు తొందరపెడుతున్నారట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ప్యానెల్ రూములో దగ్గర ఉంచుకో.

అసలు మాట ముందే చెప్పేస్తాను. బ్రేకర్లను కంప్యూటరుకు కలిపే ఆ తీగ మీదుగా వాటి కబుర్లన్నీ రానివ్వు. కంప్యూటరు నుంచి బ్రేకరుకు హుకుం మాత్రం ఈ సీజనులో పోనివ్వకు. చదవడం వరకే చాలు. రాయడం సంగతి సీజను అయ్యాక, అదీ నేను కింద రాసిన ఏర్పాట్లు అన్నీ అయ్యాకే చూసుకుందాం.

మేం ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసినప్పుడు ఒక్కో బ్రేకరు నుంచి కంట్రోల్ రూముకు మల్టీకోర్ కేబుల్ లాగేవాళ్లం. ఆన్‌కి ఒక జత, ఆఫ్‌కి ఒక జత, ట్రిప్‌కి ఒకటి, స్ప్రింగ్ చార్జ్ అయిందని చెప్పడానికి ఇంకొకటి. కరెంటు ఎంత లాగుతోందో తెలియాలంటే మళ్లీ ట్రాన్స్‌డ్యూసరు, దానికో జత. ట్రెంచి మూత ఎత్తితే కాలు పెట్టే చోటు ఉండేది కాదు. అక్కడ మొదటి యూనిట్ నడక మొదలుపెట్టింది 1979 నవంబరులో. ఇన్ని జతలు లేకుండా పరికరాలు ఒకే తీగ మీద మాట్లాడుకునే పద్ధతి మోడ్‌బస్‌ను అమెరికాలో మోడికాన్ కంపెనీ బయటపెట్టిందీ ఆ ఏడాదే. అలాంటిదే ఇంకోటి, ప్రొఫిబస్, దాని పని జర్మనీలో 1987లో మొదలైంది. ఇవాళ నీ ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకరు) ట్రిప్ యూనిట్‌లోనే చిన్న కంప్యూటరు ఉంది. కరెంటు, వోల్టేజి, పవర్ ఫ్యాక్టరు, ఎన్నిసార్లు ట్రిప్ అయింది, ఎందుకు అయింది, అన్నీ అదే లెక్క పెట్టుకుంటుంది. అవన్నీ రెండు తీగల మీద వచ్చేస్తాయి. అలాంటి సౌకర్యాన్ని వాడుకోకపోతే తప్పు. హెచ్‌టీ బిల్లులో గరిష్ట డిమాండును కేవీఏల్లో కడతారు కదా, కోల్డ్ రూము కంప్రెసర్లూ స్టెరిలైజరూ పల్పరూ ఒకే గంటలో ఎలా ఎగబడుతున్నాయో ఫీడరు ఫీడరుకీ కనపడితే, ఏది పది నిమిషాలు ఆగితే డిమాండు తగ్గుతుందో నువ్వే చెప్పగలవు. ఒక్క సీజను లెక్కలు చేతిలో ఉంటే నీ మాటకు బరువొస్తుంది.

కానీ తీగ వేగం ఎంతో ఒకసారి లెక్కవేసి చూడు. 9600 బాడ్ రేటు అనుకో. మోడ్‌బస్‌లో ఒక్కో అక్షరానికి 11 బిట్లు, అంటే సుమారు 1.15 మిల్లీసెకన్లు. నువ్వు అడిగే ప్రశ్న 8 బైట్లు, 9 మిల్లీసెకన్లు. ఇరవై రిజిస్టర్లు అడిగితే వచ్చే జవాబు 45 బైట్లు, 52 మిల్లీసెకన్లు. బ్రేకరు ఆలోచించుకునే సమయం, మధ్యలో వదలాల్సిన ఖాళీ కలుపుకుంటే ఒక్కో బ్రేకరుకు పదో వంతు సెకను పడుతుంది. ఇరవై బ్రేకర్లుంటే ఒక చుట్టుకు రెండు సెకన్లు. అందులో ఒకటి మూగబోయిందనుకో, సెకను టైమవుట్, మూడు ప్రయత్నాలు అని నువ్వు పెట్టుకుంటే ఆ ఒక్కదాని దగ్గరే చుట్టుకు మూడు సెకన్లు పోతాయి.

షార్ట్ సర్క్యూట్ అయితే బ్రేకరు సెకనులో ఇరవయ్యో వంతు లోపే తెరుచుకోవాలి. రెండు సెకన్లకోసారి పలకరించే తీగ మీద ఆ పని పెట్టడం కుదరదు. అందుకే ట్రిప్ యూనిట్ తన సీటీల (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల) నుంచే శక్తి తీసుకుని, ఎవరినీ అడగకుండా, తనంతట తను ట్రిప్ చేస్తుంది. తీగ తెగినా, కంప్యూటరు ఆగినా ఆ రక్షణకు ఢోకా ఉండకూడదు. ఇన్‌కమరుకూ ఫీడరుకూ మధ్య ఎవరు ముందు ట్రిప్ అవ్వాలో తేల్చే జోన్ ఇంటర్‌లాక్‌కు కూడా విడి తీగలే ఉంటాయి. "మోడ్‌బస్ ఉందిగా, దానికి వేరే వైరింగు ఎందుకు" అని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోకు.

కమ్యూనికేషన్ మాడ్యూలుకు మాత్రం బయటి నుంచి 24 వోల్టుల డీసీ కావాలి. ఆ సప్లైని యూపీఎస్ మీద పెట్టు. కరెంటు పోయిన క్షణంలోనే కదా నీకు కబురు ఎక్కువ కావాలి. ట్రిప్ ఎప్పుడైందో కంప్యూటరు రాసుకున్న టైము నమ్మకు, అది చుట్టు తిరిగి వచ్చాక రాసుకున్నది. ట్రిప్ యూనిట్ లాగ్‌లో ఉన్న టైము తెప్పించుకో, దాని గడియారం సరిగ్గా ఉందో లేదో వారానికోసారి చూడు. రెండు బ్రేకర్లు వెంటవెంటనే పడితే ఏది ముందు పడిందో తేలకపోతే ఫాల్ట్ ఎక్కడో దొరకదు.

ఇక వైరింగు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇలాంటి నెట్‌వర్కుల్లో వచ్చే తలనొప్పుల్లో చాలావరకు సాఫ్ట్‌వేరువి కావు, తీగవే. మోడ్‌బస్ నడిచే ఆర్‌ఎస్-485 కేబుల్ ఒక బ్రేకరు నుంచి ఇంకో బ్రేకరుకు, అక్కడి నుంచి ఆ తర్వాతదానికి అలా వరసగా పోవాలి. మధ్యలో కొమ్మలు వేయొద్దు. ప్యానెల్ మధ్యలో ఒక టెర్మినల్ బ్లాక్ పెట్టి అక్కడి నుంచి అన్నివైపులకూ లాగితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సిగ్నల్ మాత్రం కొమ్మకొమ్మకీ తగిలి వెనక్కి తిరిగొస్తుంది. ఒక సెగ్మెంటుకు మామూలుగా 32 పరికరాలు, తక్కువ వేగంలో 1200 మీటర్లు. రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు, అక్కడే, ఇంకెక్కడా వద్దు. ఇది సరిగ్గా ఉందో లేదో చూడటం చాలా తేలిక. 24 వోల్టుల సప్లై మొత్తం తీసేసి, రెండు డేటా తీగల మధ్య మల్టీమీటరు పెట్టు. 60 ఓమ్‌లకు దగ్గరగా చూపిస్తే సరే. 120 చూపిస్తే ఒక చివర రెసిస్టరు లేదు. 40 చూపిస్తే ఎవరో మూడోది కూడా పెట్టారు, లేదా ఏ బ్రేకరు మాడ్యూలులోనో లోపలి స్విచ్ ఆన్‌లో ఉంది. ఈ కొలత తీసిన తేదీ, విలువ ప్యానెల్ తలుపు లోపల అంటించు. ఆరు నెలల తర్వాత నీ చోట ఎవరున్నా వాళ్లకు పనికొస్తుంది.

షీల్డును మోడ్‌బస్ లైనుకు ఒక్క చోటే ఎర్త్ చెయ్యి. ఏ, బీ అని టెర్మినళ్లకు పేర్లుంటాయి కానీ కంపెనీ కంపెనీకీ అవి తారుమారు అవుతాయి. జవాబు రాకపోతే తీగలు అటూ ఇటూ మార్చి చూడు, ఏమీ కాలిపోదు. మీ పల్పర్ల దగ్గర డ్రైవ్‌లు ఉంటాయి, వాటి మోటారు కేబుల్ పక్కన ఇది పరిగెత్తకూడదు. వేరే ట్రేలో వెయ్యి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించు.

కోల్డ్ స్టోరేజి షెడ్డులో ఉన్న చిన్న ప్యానెల్‌ను కూడా కలపమంటున్నారని విన్నాను. అక్కడిదాకా రాగి తీగ లాగకు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలివానలు ఎలా వస్తాయో నీకు తెలుసు, చెట్టు కింద కాయ రాలినట్టు ఫీడర్లు పడతాయి. రెండు భవనాల ఎర్త్‌ల మధ్య పిడుగు పడ్డప్పుడు వచ్చే వోల్టేజి ఆ సన్నటి తీగ మీద నడిచి మాడ్యూళ్లన్నిటినీ ఒకేసారి తినేస్తుంది. భవనానికీ భవనానికీ మధ్య ఫైబర్ వేయించు. ఖర్చు అంటారు. మాడ్యూళ్ల ఖరీదు, సీజను మధ్యలో అవి తెప్పించడానికి పట్టే రోజులు లెక్కేసి చూపించు.

ఒకవేళ మీ ఇన్‌కమర్లు ప్రొఫిబస్ మీద ఉంటే ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. ప్రొఫిబస్‌లో చివరి రెసిస్టర్లకు ఆ చివరనున్న పరికరమే 5 వోల్టులు ఇస్తుంది. వరసలో చివరిది డ్రా-అవుట్ బ్రేకరు అయ్యి, దాన్ని మెయింటెనెన్సుకు బయటికి లాగి సప్లై తీసేస్తే, టెర్మినేషన్ పోయి మిగతావాటి కబుర్లు కూడా చెదిరిపోతాయి. అందుకని చివరన బ్రేకరు కాకుండా విడిగా సప్లై ఉన్న యాక్టివ్ టెర్మినేటరు పెట్టడం మేలు.

తీగ పలకడం మొదలయ్యాక అంకెలు నిజమో కాదో చూడు. మాన్యువల్‌లో 40001 అని రాసి ఉన్నది తీగ మీద సున్నా. ఒక్కటి తేడా వస్తే ఆర్ ఫేజు చోట వై ఫేజు చదువుతావు, ఎవరికీ అనుమానం రాదు. పెద్ద అంకెలు రెండు రిజిస్టర్లలో వస్తాయి, వాటిలో ఏది ముందో కంపెనీని బట్టి మారుతుంది. ప్రతి బ్రేకరు ముందూ నిలబడి డిస్‌ప్లే మీద అంకె, క్లాంప్ మీటరు అంకె, స్క్రీను మీద అంకె, మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయి. స్క్రీను చూసే పిల్లాణ్ణి ఫోన్లో ఉంచుకుంటే ఒక పూటలో అయిపోతుంది.

బ్రేకరు ఆన్, ఆఫ్ ఒక్కటే చదివి ఊరుకోకు. డ్రా-అవుట్ బ్రేకరును టెస్ట్ పొజిషన్‌కి లాగి ఆన్ చేస్తే కూడా స్క్రీను "ఆన్" అనే చూపిస్తుంది. అక్కడ పవరు లేదు. క్రేడిల్ ఏ పొజిషన్లో ఉందో చెప్పే కాంటాక్టులు కూడా తెచ్చి కలుపు. సర్వీస్, టెస్ట్, ఐసోలేటెడ్, మూడూ స్క్రీను మీద వేరు వేరుగా కనపడాలి. ట్రిప్ అయి ఆఫ్ అయిందా, మనిషి ఆపితే ఆఫ్ అయిందా అన్నది కూడా వేరుగా కనపడాలి.

ఇప్పుడు హుకుం సంగతి. మన లైన్‌మన్‌లను ఎవర్నైనా అడుగు, పోల్ ఎక్కే ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నావా అంటే ముఖం మారుతుంది. ఫీడరు మీద నీ పేరు రాసి ఉండగా ఇంకెవరూ దాన్ని ఆన్ చేయరు అన్న ఒక్క నమ్మకం మీద అతను చెయ్యి పెడతాడు. మీ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో పల్పరు లోపల జల్లెడ కడిగే మనిషి కూడా అలాంటివాడే. అతనికి మోడ్‌బస్ అంటే తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆఫీసులో కూర్చున్న ఎవరో మౌసు నొక్కితే ఆ మోటారు తిరిగే దారి ఉండకూడదు, అంతే. క్లోజింగ్ కాయిల్ సర్క్యూట్‌లో లోకల్-రిమోట్ స్విచ్ తీగలతోనే పెట్టించు, సాఫ్ట్‌వేరులో టిక్కు పెట్టి సరే అనుకోవద్దు. స్విచ్ లోకల్‌లో ఉంటే కమాండు కాయిల్ దాకా కరెంటు రూపంలో చేరకూడదు. పని చేసేవాడు బ్రేకరును బయటికి లాగి, తన తాళం తనే వేసి, తాళంచెవి తన జేబులో వేసుకోవాలి. సూపర్‌వైజరు జేబులో కాదు. ట్రిప్ అయిన బ్రేకరును దూరం నుంచి రీసెట్ చేసి ఆన్ చేయడం అనేది మీ దగ్గర ఎప్పటికీ వద్దు. వెళ్లి, వాసన చూసి, కేబుల్ చూసి, మెగ్గర్ వేసి, అప్పుడు ఆన్ చేయాలి.

ఇంకో భయం కూడా నిజమైనదే. మోడ్‌బస్‌కు పాస్‌వర్డు లేదు. ఆ తీగ మీద ఎవరు చెప్పినా వింటుంది. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంట్రోల్ రూముల్లోకి దుండగులు నెట్ మీదుగా జొరబడ్డారు. ఆపరేటర్ల కళ్ల ముందే స్క్రీను మీద మౌసు దానంతటది కదిలి సబ్‌స్టేషన్ల బ్రేకర్లను ఒక్కొక్కటిగా తెరిచింది. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. పోతూ పోతూ సబ్‌స్టేషన్లలో సీరియల్ తీగను ఈథర్‌నెట్‌కు కలిపే పెట్టెల్లో ఫర్మ్‌వేరును కూడా చెరిపేశారు, దూరం నుంచి మళ్లీ ఆన్ చేసే వీలు లేకుండా. చివరికి మనుషులు బళ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు మూస్తే కొన్ని గంటల్లో కరెంటు వచ్చింది. చేత్తో మూయడం తెలిసిన మనుషులు అక్కడ ఉన్నారు కాబట్టి వచ్చింది. మీ ప్యానెల్‌లో ఉండబోయేది కూడా అలాంటి గేట్‌వే పెట్టే. దాన్ని ఆఫీసు వైఫైకి కలపనివ్వకు. దాంతోపాటు వచ్చిన పాస్‌వర్డు మొదటి రోజే మార్చు. రైట్ కమాండ్లు ఆపే సెట్టింగు ఉంటే ఆపేసి, నిజంగా ఆగాయో లేదో సీజను ముందు నువ్వే ఒక స్పేర్ ఫీడరు మీద రాసి చూడు. కంపెనీవాళ్లు దూరం నుంచి చూస్తామంటే అవసరమైన గంటకే లైను ఇచ్చి, అయిపోగానే తీసెయ్యి.

ఇదంతా చదివి పని పెద్దదనుకోకు. ఇన్‌కమర్లు, డీజీ బ్రేకరు, కంప్రెసర్ ఫీడర్లు, ఈ నాలుగైదు ముందు కలుపు. అవి పది రోజులు తప్పులేకుండా మాట్లాడితే మిగతావి కలుపు. సీజను మొదలయ్యే నాటికి సగమే అయితే సగంతోనే ఆగు, మిగిలింది జులైలో.

ప్యానెల్ సింగిల్ లైన్ డయాగ్రమ్, బ్రేకర్ల మాన్యువల్‌లో రిజిస్టర్ల పేజీలు జిరాక్సు తీసి ఈ ఆదివారం జంక్షన్‌కు వచ్చేటప్పుడు తీసుకురా. ఏ బ్రేకరుకు ఏ నంబరు పెట్టాలో ఇద్దరం కూర్చుని పట్టిక వేద్దాం. 1 నుంచి 247 వరకు ఎన్ని నంబర్లయినా ఉన్నాయి, ప్యానెల్ మీద క్యూబికల్ వరస ఎలా ఉందో నంబర్లూ అలాగే పెడితే రాత్రి షిఫ్టువాళ్లకు తేలిక. అత్తయ్య భోజనం ఇక్కడే అంటోంది.

ఇట్లు,
మావయ్య