చిగుళ్ళ ఆపరేషన్‌లో ‘ఎముక పొడి’: సంతకానికి ముందు తెలుసుకోండి

ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం

పళ్ళు తోముతుంటే రక్తం, నోటి వాసన, పళ్ళు కదలడం... ఇవి చిగుళ్ళ జబ్బు గుర్తులు. పాచి గట్టిపడి గార అవుతుంది. చిగురు వాచి, పంటిని పట్టి ఉంచే ఎముక మెల్లగా కరిగిపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి చాలామంది ఆలస్యంగా డాక్టరు దగ్గరికి వెళ్తారు. అప్పుడు వినిపించే మాటే ‘బోన్ గ్రాఫ్ట్’.

బోన్ గ్రాఫ్ట్ అంటే ఏమిటి?
చిగురును తెరిచి, లోపల శుభ్రం చేసి, ఎముక కరిగిన గుంతలో నింపే పదార్థం. తీగకు పందిరి ఎలాగో, కొత్త ఎముకకు ఇది అలాగ. ఇందులో నాలుగు రకాలున్నాయి:
• మీ ఎముకే, నోట్లో మరోచోటి నుంచి తీసినది
• దాతల నుంచి తీసి, శుద్ధి చేసినది
• జంతువులది, ఎక్కువగా పశువుల ఎముక
• కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేట్, బయోగ్లాస్ వంటివి

గ్రోత్ ఫ్యాక్టర్లు ఏం చేస్తాయి?
మానడానికి కావలసిన కణాలను పిలిచి, పెరిగేలా చేస్తాయి. సులువైన పద్ధతి పీఆర్‌ఎఫ్. మీ రక్తమే కొంచెం తీసి, యంత్రంలో తిప్పి, వచ్చిన జిగురు పొరను గుంతలో పెడతారు. పంది పిల్లల దంతాల నుంచి తీసిన ప్రోటీన్ జెల్ కూడా వాడుకలో ఉంది.

అందరికీ పనిచేస్తుందా?
లేదు. మట్టి గుంతలో నిలుస్తుంది, చదును బండ మీద నిలవదు. ఎముక గోడల మధ్య లోతైన గుంత ఉంటే ఫలితం బాగుంటుంది. ఎముక అంతటా సమంగా తగ్గిపోతే పొడి వేసినా పెద్దగా లాభం ఉండదు. బీడీ, సిగరెట్ తాగితే, షుగర్ అదుపులో లేకపోతే గాయం సరిగా మానదు.

ముందు ఏం చేయాలి?
మొదటి వైద్యం ఎముక పొడి కాదు. ముందు గార తీయించుకోవాలి, వేర్ల దాకా శుభ్రం చేయించుకోవాలి. కొన్ని వారాల తర్వాత డాక్టరు మళ్ళీ లోతు కొలిచి చూస్తారు. చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు.

సంతకానికి ముందు ఇవి అడగండి
1. నా ఎక్స్‌రేలో గుంత ఎక్కడుంది? చూపిస్తారా?
2. వేసే పదార్థం దేని నుంచి తీసినది? మతం, ఆచారం దృష్ట్యా అభ్యంతరముంటే ముందే చెప్పండి. వేరే రకాలున్నాయి.
3. పొడి వేయకపోతే ఏమవుతుంది?
రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

ఖర్చు సంగతి
అప్పు చేసే ముందు నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి. డాక్టరు రాసిన చికిత్స పేరు చెప్పి, అది పథకంలో ఉందో లేదో ఆపరేషన్‌కు ముందే అడగండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో చిగుళ్ళకు ప్రత్యేక విభాగం ఉంది.

ఆపరేషన్ తర్వాత
కొత్త ఎముక ఎక్స్‌రేలో కనిపించడానికి నెలలు పడుతుంది. చెప్పిన తేదీలకు చూపించుకోండి. రోజుకు రెండుసార్లు తోముకోవడం మానితే, వేసిన ఎముక కూడా కరిగిపోతుంది.