జింక్ డబ్బా మూసేశాక

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. డెన్మార్క్‌లో వీబోర్గ్ పక్కన ఫౌలుమ్‌లో గది దొరికిందని, చలికి అలవాటు పడుతున్నావని చదివాక అమ్మమ్మ స్థిమితపడింది. ఇక నువ్వడిగిన సంగతి. “జింక్ ఆక్సైడ్‌కి బదులు పంది పిల్లల దాణాలో ఏం కలిపి చూడమంటావు తాతయ్యా? ప్రోబయాటిక్కులా, సేంద్రియ ఆమ్లాలా, మూలికల సారమా?” అన్నావు. తిరుపతిలో పశుపోషణ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఆ ప్రశ్నతో నీ పని మొదలుపెట్టకు. బదులు ఏమిటని వెతికే ముందు, ఇన్నేళ్లూ జింక్ ఏ లోటును కప్పిపెట్టిందో తెలుసుకో. నీ మూడేళ్ల పరిశోధన అంతా ఆ లోటు చుట్టూ తిరగాలని నా కోరిక.

ముందు పిల్లని చూడు. తల్లి దగ్గరుండగా అది ఇంచుమించు గంటకోసారి పాలు తాగుతుంది. తల్లి గుర్రుమంటూ పిలవగానే ఏ పిల్ల రొమ్ము దగ్గరికి ఆ పిల్ల చేరుతుంది. పాలు దిగేది అర నిమిషం కూడా ఉండదు. ఆరుబయట వాటి మానాన వదిలేస్తే ఈ పాలు తాగడం సుమారు మూడు నెలలు సాగి, మెల్లమెల్లగా తగ్గిపోతుంది. ఐరోపా చట్టం ప్రకారం ఫారంలో 28 రోజులు నిండేదాకా మాన్పించకూడదు. శుభ్రం చేసి ఖాళీగా ఉంచిన ప్రత్యేక షెడ్డులోకి మారిస్తే 21 రోజులకైనా మాన్పించవచ్చు. ఆ రోజున పిల్లకి తల్లి పోతుంది, పాలు పోతాయి, వేరే ఈతల పిల్లలు వచ్చి పక్కన పడతాయి, ఎదురుగా పొడి దాణా ఉంటుంది. సుమారు సగం పిల్లలు ఒక రోజులోపల దాన్ని తింటాయి. పదింట ఒకటి మాత్రం రెండు రోజులైనా మూతి పెట్టదు.

ఈ రెండు రోజుల పస్తు గురించి నువ్వు ఎంత చదివినా తక్కువే. చిన్నపేగు లోపలి గోడ టర్కీ తువాలులా నూగుగా ఉంటుంది కదా, ఆ నూగే మనం బడిలో చదువుకున్న ఆంత్రచూషకాలు. వాటి మీది కణాలకు కావలసిన పోషణలో చాలా భాగం పేగులోంచి పోయే ఆహారం నుంచే అందుతుంది. పేగు ఖాళీ అయితే అవి కుంగిపోతాయి. డేవిడ్ హాంప్సన్ 1986లో ప్రచురించిన కొలతలు తీసి చూడు. మూడు వారాలకు పాలు మాన్పించిన పిల్లల్లో ఒక్క రోజులోనే చూషకాల ఎత్తు మునుపటిలో నాలుగింట మూడు వంతులకు పడిపోయింది. ఐదో రోజుకి దాదాపు సగమే మిగిలింది. మిగిలిన కణాలు కూడా పసివి, వాటి దగ్గర ఎంజైములు తక్కువ. అంటే కొత్త తిండిని అరిగించుకోవలసిన రోజునే అరిగించే సామాను సగమైపోయిందన్నమాట.

కడుపు సంగతి వేరే. పాలు తాగే పిల్ల కడుపులో ఉండే పులుపు చాలావరకు దాని సొంతం కాదు. పాలలోని లాక్టోజును సూక్ష్మజీవులు పులియబెట్టగా వచ్చిన లాక్టిక్ ఆమ్లం అది. పాలు ఆగగానే ఆ పులుపు ఆగుతుంది, పిల్ల సొంతంగా ఊరించే ఆమ్లమేమో ఇంకా చాలదు. దానికి తోడు కాల్షియం కోసమని మనం దాణాలో సున్నపురాయి పొడి కలుపుతాం. ఉన్న కాస్త ఆమ్లాన్నీ అది తాగేస్తుంది. దాణా ఫార్ములా రాసేవాళ్లు కాల్షియం శాతం సరిపోయిందా లేదా అని చూసి ఊరుకుంటారు, ఆ కాల్షియం ఏ రూపంలో వస్తోందో చూడరు. నువ్వు చూడు.

పులుపు తగ్గితే మాంసకృత్తులు కడుపులో సగం సగం విరుగుతాయి. చిన్నపేగు మిగతా పని చేయలేదు. అలా అరగని సోయా చెక్క పేగు చివరికి చేరి అక్కడి సూక్ష్మజీవులకు విందవుతుంది. అవి దాన్ని అమ్మోనియాగా, అమైన్లుగా కుళ్లబెడతాయి. ఈ. కోలైలో ఎఫ్4, ఎఫ్18 అనే సన్నని పోగులున్న రకాలు ఇదే అదనుగా పేగు గోడకి అంటుకుని విషం విడుస్తాయి. ఆ విషానికి పేగు కణాలు నీళ్లనూ లవణాలనూ పీల్చుకోవడం మాని బయటికి కక్కుతాయి. నిన్న గెంతిన పిల్ల ఇవాళ తోకంతా తడిసి, కళ్లు లోపలికి పోయి, మూలన ఒదిగి కనబడుతుంది.

జింక్ ఈ ఘట్టంలోకి వచ్చింది, అదీ నువ్వు ఇప్పుడున్న చోటే. ఫౌలుమ్‌లో పనిచేసిన హన్నె డామ్‌గార్డ్ పౌల్సెన్ 1989లో డేనిష్‌లోనూ, 1995లో ఇంగ్లీషులోనూ ప్రచురించిన ప్రయోగాలవి. పాలు మాన్పించాక రెండు వారాలపాటు కిలో దాణాకి సుమారు 2500 మిల్లీగ్రాముల జింక్, ఆక్సైడ్ రూపంలో ఇస్తే పారుడు బాగా తగ్గింది, పిల్లలు బాగా పెరిగాయి. పిల్ల శరీరానికి పోషకంగా కావలసిన జింక్ కిలో దాణాకి 100 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంటే పాతిక రెట్లు. ఆ మోతాదులో అది ఇక పోషకం కాదు, మందు. చవక, తెల్లటి పొడి, ఎవరైనా కలపగలరు. ప్రపంచమంతా పాకింది. అది ఎలా పనిచేస్తుందన్నది మాత్రం నేటికీ పూర్తిగా తేలలేదు. పని జరిగిపోతోంది కదా అని తేల్చాల్సిన తొందర ఎవరికీ కనిపించలేదు.

పిల్ల తిన్న ఆ జింక్‌లో అధికభాగం పెంటలోకే పోయింది, పెంట పొలానికి పోయింది. జింక్ నత్రజనిలా గాలిలో కలిసేది కాదు, ఏటికేడాది మట్టిలో పేరుకుంటుంది. రెండో సంగతి ఇంకా కలవరపెట్టేది. పందుల్లో స్థిరపడిన సీసీ398 అనే స్టఫైలోకాకస్ రకంలో జింక్‌ని తట్టుకునే జన్యువూ, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువూ ఒకే మూటలో ఉన్నాయని డెన్మార్క్‌లోనే కనుక్కున్నారు. జింక్ పెట్టినప్పుడల్లా ఆ మూట మోసే బాక్టీరియాకే మేలు చేస్తున్నామన్నమాట. ఐరోపా సమాఖ్య 2017 జూన్‌లో నిర్ణయం తీసుకుని ఐదేళ్ల గడువిచ్చింది. 2022 జూన్‌తో మందు మోతాదు జింక్ ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ కిలో దాణాలో మొత్తం జింక్ 150 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇలా జరగడం ఇది రెండోసారి అమ్మడూ. మొదటిసారి కథలో మన భీమవరం పేరు కూడా ఉంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకి నాయకత్వం వహించిన రోజుల్లో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ని కనుక్కున్నారు. అది 1948లో లోకానికి తెలిసింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు. ఆ మందు తీసేశాక మిగిలిన పిప్పిలో బీ12 విటమిన్ ఉంటుందని అదే సంస్థలో స్టోక్‌స్టాడ్, జూక్స్ దాన్ని కోడిపిల్లలకి పెట్టారు. విటమిన్‌తో రావలసినదానికన్నా పెరుగుదల ఎక్కువొచ్చింది. పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ అందుకు కారణమని 1950 నాటికి తేలింది. పంది పిల్లల్లోనూ అదే ఫలితం. అక్కడినుంచి అరశతాబ్దం పైగా పశువుల దాణాలో యాంటీబయాటిక్ చిటికెడు చిటికెడుగా పడింది. రోగం నయం చేయాలని సుబ్బారావుగారి బృందం పడ్డ తపన అలాంటి వాడుకకి దారితీయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

దాన్ని ఆపడంలో ముందు నడిచిన దేశాల్లో డెన్మార్క్ ఒకటి. 1995లో అవోపార్సిన్ అనే యాంటీబయాటిక్‌ని నిషేధించారు, 1999 చివరికల్లా పిల్ల పందులతో సహా అన్నిటికీ పెరుగుదల మందులు మాన్పించారు. ఐరోపా అంతటా అది 2006 జనవరిలో అమలైంది. నీకు పనికొచ్చే గమ్మత్తు ఇక్కడే ఉంది. పెద్ద పందుల్లో మందు ఆపితే పెద్దగా తేడా రాలేదు. పాలు మాన్పించిన పిల్లల్లో మాత్రం పారుడు పెరిగి, చికిత్స కోసం వాడే మందు ఎక్కువైంది. తూటు ఎక్కడుందో అంతకన్నా స్పష్టంగా ఏ ప్రయోగం చూపుతుంది? ఆ తూటుకి ముందు యాంటీబయాటిక్ అడ్డం పెట్టారు, తర్వాత జింక్ పెట్టారు. ఇప్పుడు నువ్వు ఇంకో పొడి కోసం చూస్తున్నావు.

నన్నడిగితే మొదట చేయి వేయవలసింది మాంసకృత్తుల మీద. మామూలుగా పిల్ల దాణాలో 22, 23 శాతం దాకా పెడతారు. దాన్ని 17, 18కి దించి, తగ్గిన అమైనో ఆమ్లాలను విడిగా కలిపితే పేగు చివర కుళ్లే సరుకు తగ్గుతుంది, పారుడూ తగ్గుతుంది. లైసిన్, మెథియోనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్ కలిపి చేతులు దులుపుకోకు. అంత కిందికి దించినప్పుడు వేలిన్ చాలదు, ఆ తర్వాత ఐసోల్యూసిన్ చాలదు. వాటిని మరిచి, “తక్కువ మాంసకృత్తులతో పిల్ల పెరగలేదు” అని రాస్తే అది దాణా తప్పు కాదు, లెక్క తప్పు.

ఆ లెక్కకి పెంటని పరీక్షిస్తే చాలదని నీకు తెలుసు, అయినా ఎందుకో మళ్లీ చెబుతాను. పెద్దపేగులో మిగిలిన అమైనో ఆమ్లాలని సూక్ష్మజీవులు మింగేస్తాయి. అక్కడ రక్తంలోకి పోయేది ఎక్కువగా అమ్మోనియా, దానితో కండ పెరగదు. పెంటలో లైసిన్ కనిపించలేదు కాబట్టి పంది వాడుకుందని అనుకుంటే మోసపోతాం. అందుకే చిన్నపేగు చివర టీ ఆకారపు గొట్టం అమర్చి, అక్కడే నమూనా పట్టి, దాణాలో కలిపిన క్రోమిక్ ఆక్సైడ్‌నో టైటానియం డయాక్సైడ్‌నో గుర్తుగా పెట్టుకుని లెక్క కడతారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ స్టైన్ ఒక్కో దినుసుకీ ఈ పద్ధతిలో కొలిచిన పని చదువు. ఒకే సోయా చెక్క కాస్త ఎక్కువ కాలితే లైసిన్ ఎంత చేజారుతుందో అందులో కనిపిస్తుంది.

రెండోది పులియబెట్టడం. మీ ఫౌలుమ్‌లోనే నూరియా కానిబె, బెంట్ బోర్గ్ యెన్సెన్ తడి దాణాని పులియబెట్టి పందులకి పెట్టి చూశారు. లాక్టిక్ ఆమ్లం పెరిగి కడుపులో, పేగులో ఈ. కోలై జాతి తగ్గింది. నువ్వు పట్టుకోవలసిన చిక్కు ఒకటుంది. మొత్తం దాణాని పులియబెడితే విడిగా కలిపిన లైసిన్‌ని తొట్టిలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. పైన మనం ఎంతో జాగ్రత్తగా కూర్చిన అమైనో ఆమ్లాలు పిల్ల నోటిదాకా రావు. గింజల్ని మాత్రమే పులియబెట్టి మిగతావి తినే ముందు కలపడం దానికి మార్గం. ముతక గోధుమ తవుడు, ఓట్ల పొట్టు వంటి పీచు మీద కూడా మంచి పని ఉంది. కాస్త పీచు పిల్లకి చేటన్న పాత అభిప్రాయం పోయింది.

ప్రయోగం వేసేటప్పుడు కొన్నిటికి చాలా పట్టుదలగా ఉండు. పిల్లలు ఒక తొట్టిలోంచి కలిసి తింటే లెక్కకి వచ్చేది గది, పిల్ల కాదు. పది గదుల్లో వంద పిల్లలుంటే నీ దగ్గరున్నవి పది. ఒకే ఈత పిల్లలని అన్ని గుంపులకీ పంచు. ఎఫ్4 అంటుకునే గ్రాహకం కొన్ని పిల్లల్లో పుట్టుకతోనే ఉండదు, జన్యు పరీక్షతో ముందే చూడకపోతే నీ దాణా గెలిచిందో వాటి వంశం గెలిచిందో తెలియదు. పెంట ఎంత పల్చగా ఉందో మార్కులేసేవాళ్లకి ఏ గది ఏ దాణాదో చెప్పకు. పేగు నమూనా కోసం పిల్లని కోసేనాడు ఇంకా తొందరపడాలి. ప్రాణం పోయిన నిమిషాల్లోనే పేగు పొర కరగడం మొదలవుతుంది. ముక్కని మెల్లగా కడిగి వెంటనే ఫార్మలిన్‌లో వెయ్యి. చూషకం మొదలు నుంచి కొస దాకా నిలువునా తెగిన చోటే కొలవాలి, ఏటవాలుగా తెగినవాటిని వదిలెయ్. వేళ్లు వణికేంత చలిలో ఈ పని విసుగే. అయినా దాన్ని ఇంకొకరికి అప్పజెప్పకు.

నీ ప్రతిపాదనలో మొదటి వారం సగటు మేత మాత్రమే ఉంది. మొదటి మూడు రోజులు రోజుకో లెక్క విడిగా రాయి. వీలైతే దాణాలో రంగు కలిపి ఏ పిల్ల ఎప్పుడు తిందో పెంట చూసి పట్టుకో. వారం సగటు తీస్తే పస్తున్న పిల్ల కనబడకుండా పోతుంది, నీకు కావలసింది ఆ పిల్లే.

ఇంకో మాట. మన దగ్గర చిన్న ఫారాల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలకి గాని పాలు మాన్పించరు. హోటళ్ల మిగులు ఉడికించి పెట్టే రైతులే ఎక్కువ.  మన రైతుకి మూడు వారాల పిల్ల పారుడు అంతగా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఐరోపాలో మాన్పించే వయసు తగ్గించడానికి కారణం డబ్బు. పాలు ఆగిన నాలుగు నుంచి ఏడు రోజుల్లో తల్లి మళ్లీ ఎదకొస్తుంది కాబట్టి వారం ఆలస్యమైతే ఏడాదికి వచ్చే ఈతల లెక్క తగ్గుతుంది. ఆ నష్టం ఎంతో, పారుడు, మందులు, చావులు తగ్గి మిగిలేది ఎంతో పక్కపక్కన పెట్టి చూడాలి. మీ ప్రొఫెసర్‌గారిని అడుగు, నీ ప్రయోగంలో ఒక గుంపుని 35 రోజులకి మాన్పించే వీలుందేమో. షెడ్డు సర్దుబాటు కష్టమంటారు. గట్టిగా అడుగు. ఒప్పుకుంటే ఆ గుంపుకీ అదే తక్కువ మాంసకృత్తుల దాణా పెట్టు, వయసు వల్ల వచ్చిందేదో దాణా వల్ల వచ్చిందేదో విడదీయవచ్చు. ఆయన ఏమన్నారో రాయి. దాణా ఫార్ములా కూడా పంపు, వేలిన్ అంకె నేను చూస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య