పుట్ ఆఫ్ వేరు, కాల్ ఆఫ్ వేరు

మన సంఘం తరఫున సాయంకాలం ఇంగ్లిష్ తరగతి నడిపే మేము ముందుగా మా తప్పొకటి ఒప్పుకోవాలి. డిగ్రీ పూర్తయిన మా విద్యార్థి ఒకరు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. గురువారం ఇంటర్వ్యూ. బుధవారం సాయంత్రం వాళ్ల నాన్నగారి ఫోనుకు సందేశం వచ్చింది: 'థర్స్‌డేస్ ఇంటర్వ్యూ హాజ్ బీన్ పుట్ ఆఫ్. వి విల్ గెట్ బ్యాక్ టు యు.' గురువారం ఇంటర్వ్యూ వాయిదా పడింది, మళ్లీ మేమే కబురు చేస్తాం అని దాని అర్థం. ఆ అబ్బాయికి అర్థమైంది వేరు. ఆఫ్ అంటే లైటు ఆర్పినట్టు, అంటే ఇంటర్వ్యూ రద్దయింది. గెట్ బ్యాక్ అంటే వెనక్కి వెళ్లు. మర్యాదగా పొమ్మన్నారనుకుని మర్నాడే మామూ దగ్గరికి భివండీ రైలెక్కాడు. శనివారం అదే నంబరుకు రెండో సందేశం వచ్చింది, సోమవారం ఉదయం పది గంటలకు రమ్మని. అది ఇంట్లో ఎవరి కంటా పడక, ఆదివారం రాత్రికి గాని అతనికి చేరలేదు. అప్పటికి రైలు లేదు.

అతను మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమిచ్చిన కాగితం మాత్రం తెచ్చి చూపించాడు. నలభై మాటలు వరసగా, ఎదురుగా తెలుగు అర్థాలు. కాల్ ఆఫ్ – రద్దు చేయుట. పుట్ ఆఫ్ – వాయిదా వేయుట. 'రెండూ చదివాను సార్. ఏది ఏదో తారుమారైపోయింది' అన్నాడు. ఒకేలా కనబడే రెండు మాటల్ని ఒకే రోజు ఒకే కాగితం మీద ఇస్తే తారుమారు కాక ఏమవుతాయి? ఆ కాగితం ఇప్పుడు మా తరగతిలో లేదు. దాని బదులు మేమెలా చెబుతున్నామో ఈ సంచిక చదివే పిల్లలకూ, వాళ్ల పక్కన కూర్చుని చదివించే పెద్దలకూ పనికొస్తుందని రాస్తున్నాం.

ఒక క్రియ, దాని పక్కన అప్, ఆఫ్, ఔట్, ఇన్ వంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఇవి అంతుబట్టడం లేదని సిగ్గుపడనక్కర్లేదు. 1755లో లండన్‌లో పెద్ద నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు, పరదేశీయులకు ఇంగ్లిష్‌లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇవేనని. అప్పటికి వీటికి ఈ పేరు కూడా స్థిరపడలేదు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంలో వాడాకే ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

అయితే ఈ పద్ధతి మనకు కొత్తదని మాత్రం అనుకోకండి. రాశాడు, రాసేశాడు, రాసుకున్నాడు, రాసిపెట్టాడు, రాసిచ్చాడు. ఐదింటిలోనూ పని రాయడమే. రాసేశాడంటే పని అయిపోయింది. రాసుకున్నాడంటే తన కోసం. రాసిచ్చాడంటే ఇంకొకరి కోసం. రాసేశాడులో నిజంగా ఏదైనా వేశాడా? రాసిపెట్టాడులో ఏదైనా ఎక్కడైనా పెట్టాడా? లేదు. పెట్టడం, వేయడం, కొనడం తమ సొంత అర్థం కొంత వదులుకుని ముందున్న క్రియకు వంపు తిప్పుతున్నాయి. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఇంకా తేలిక. 'లిఖ్ లో' అంటే నువ్వు రాసుకో, 'లిఖ్ దో' అంటే రాసివ్వు, 'లిఖ్ డాలో' అంటే రాసి పారెయ్. నాలుగేళ్ల పిల్లవాడు కూడా లేనా, దేనా తేడా తప్పడు. వాడికి ఎవరూ నలభై మాటల కాగితం ఇవ్వలేదు. ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, అన్నాక ఏం జరిగింది అని చూసి నేర్చుకున్నాడు.

కాబట్టి మేమిప్పుడు అర్థం చెప్పే ముందు ఒక ప్రశ్న వేస్తున్నాం: ఈ మాట విన్నాక మనిషి ఏం చేయాలి? పుట్ ఆఫ్ అని వింటే క్యాలెండర్‌లో తేదీ మార్చుకోవాలి, కొత్త తేదీ కోసం చూడాలి. కాల్ ఆఫ్ అని వింటే తేదీ కొట్టేయాలి. రెండింటిలోనూ ఆఫ్ అంటే 'దూరంగా' అనే. పుట్ ఆఫ్‌లో పనిని ఈ రోజు నుంచి దూరంగా జరిపి పెట్టారు. పెట్టిన వస్తువు ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా. కాల్ ఆఫ్‌లో పిలిచి వెనక్కి రప్పించారు. వేటలో జంతువు మీదికి ఉరికిన కుక్కను యజమాని వెనక్కి పిలవడాన్నీ కాల్ ఆఫ్ అనే అంటారు. కుక్క తిరిగొచ్చిందంటే ఆ వేట ముగిసినట్టే. ఈ కుక్క బొమ్మ బోర్డు మీద గీసిన తర్వాత మా తరగతిలో ఈ రెండు మాటలూ మళ్లీ తారుమారు కాలేదు. (గీసినది మేము. మొదట మేక అనుకున్నారు.)

అప్ అనే మాటకు 'పైకి' అని ఒకే అర్థం పట్టుకుంటే చిక్కే. స్టాండ్ అప్ అంటే పైకి లేవడమే, నిజం. కానీ ఈట్ అప్, యూజ్ అప్, టేర్ అప్‌లలో పైకి వెళ్లేదేమీ లేదు. ఇక్కడ అప్ మన 'వేయు' చేసే పనే చేస్తోంది: తినేయ్, వాడేయ్, చింపేయ్. పని పూర్తిగా జరిగిందని చెప్పడం. ఇలా ఒక పోలిక దొరికితే పిల్లల ముఖాలు వెలుగుతాయి. వెంటనే హెచ్చరిక కూడా చెప్పాలి, ఇది అన్నిచోట్లా కుదరదు. గివ్ అప్ అంటే ఇచ్చేయడం కాదు, ఇక నా వల్ల కాదని మానుకోవడం. గివ్ ఇన్ అంటే ఎదుటివాడి పట్టుకు లొంగడం. సిగరెట్టు మానేస్తే గివ్ అప్. పిల్లవాడి మారాం భరించలేక చాక్లెట్ కొనిస్తే గివ్ ఇన్. గివ్ ఇన్‌కు ఎదురుగా ఒత్తిడి తెచ్చే మనిషో, పరిస్థితో ఉండాలి. గివ్ అప్ ఒంటరిగా కూడా చేయొచ్చు.

ఇంగ్లిష్‌వాళ్లు కూడా అన్నిచోట్లా లెక్క ప్రకారం నడవరు. స్లో డౌన్ అన్నా, స్లో అప్ అన్నా వేగం తగ్గించడమే! ఫారం విషయంలో ఫిల్ ఇన్ అన్నా ఫిల్ ఔట్ అన్నా ఒకటే. మన దగ్గర ఫిల్ అప్ అని కూడా అంటాం, ఆఫీసుల్లో నడుస్తుంది. బయటి దేశాలవాళ్లకు మాత్రం ఫిల్ అప్ అనగానే పెట్రోలు ట్యాంకు గుర్తొస్తుంది. వీటి కోసం తల బద్దలు కొట్టుకోవద్దు.

బద్దలు కొట్టుకోవలసినచోటు వేరే ఉంది. పాస్ ఔట్, పాస్ అవే. మన దేశంలో చదువు పూర్తయితే పాస్ ఔట్ అయ్యానంటాం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు, పోలీసు, సైనిక శిక్షణ ముగించినవాళ్ల గురించి తప్ప, సాధారణంగా ఆ మాటను స్పృహ తప్పడానికే వాడతారు. '2019లో నేను పాస్ ఔట్ అయ్యాను' అని విదేశీ కంపెనీకి రాస్తే, అవతలివాడు ఆరోగ్యం గురించి అడిగినా ఆశ్చర్యం లేదు. అక్కడ గ్రాడ్యుయేట్ అయ్యానని రాయండి. ఇది నవ్వుకునే విషయం. నవ్వలేనిది ఇంకొకటి. మన ఇళ్ల నుంచి ఎందరో పిల్లలు దుబాయి, దమ్మామ్, దోహాల్లో ఎండలో పనిచేస్తున్నారు. అక్కడి నుంచి తెలుగు రాని సూపర్‌వైజర్ ఫోన్ చేసి 'హీ పాస్డ్ ఔట్ ఎట్ వర్క్' అన్నాడనుకోండి. పనిలో స్పృహ తప్పాడు, అంతే. 'హీ పాస్డ్ అవే' అంటే చనిపోయాడు. ఈ ఒక్క జంట మాత్రం ఇంగ్లిష్ రాని అమ్మలకు, నానీలకు కూడా చెప్పి ఉంచమని మా పిల్లలకు చెబుతుంటాం. ఔట్ అయితే మనిషి తిరిగి లేస్తాడు.

లుక్ చుట్టూ పెద్ద కుటుంబమే ఉంది. లుక్ ఫర్ అంటే పోయినదాన్ని వెతకడం. లుక్ ఆఫ్టర్ అంటే ఉన్నదాన్ని చూసుకోవడం. లుక్ ఇంటూ అంటే ఫిర్యాదు మీద విచారణ చేయడం. లుక్ అప్ అంటే నిఘంటువులోనో, రైళ్ల పట్టికలోనో సమాచారం చూడటం. ఇవన్నీ ఒకేసారి చెప్పం. వారానికి ఒకటి, అదీ తరగతిలో నిజంగా ఏదో పోయిన రోజునో, ఎవరో ఫిర్యాదు చేసిన రోజునో.

చెవికి సంబంధించిన సంగతి ఒకటి. తెలుగులో తోడు క్రియ అసలు క్రియకు అతుక్కునే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ చిన్న మాట దూరంగా జరిగి కూర్చోగలదు: 'వి పుట్ ద మీటింగ్ ఆఫ్.' పుట్ వినగానే పెట్టడం అనుకుని ఆగిపోతే చివరనున్న ఆఫ్ చెవిన పడదు. వాక్యం చివరిదాకా వినడం అలవాటు చేసుకోవాలి. ఇట్, హిమ్, దెమ్ వంటి మాటలు వస్తే పుట్ ఆఫ్, కాల్ ఆఫ్‌లలో అవి మధ్యలోనే కూర్చుంటాయి: 'పుట్ ఇట్ ఆఫ్' సరైనది, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. లుక్ ఆఫ్టర్ ఈ పంక్తిలో చేరదు. 'లుక్ ఆఫ్టర్ హిమ్' అనే అనాలి. పలికేటప్పుడు 'పుట్ ఇట్ ఆఫ్'లో బలం ఆఫ్ మీద పడుతుంది. రెండు మూడుసార్లు బిగ్గరగా అని చూడండి.

ఇక చిన్న పరీక్ష. మీకు ఈ సందేశం వచ్చిందనుకుని, మీరు చేయవలసిన పనులు చెప్పండి: 'టుమారోస్ క్లాస్ ఈజ్ పుట్ ఆఫ్ టు థర్స్‌డే. ద సాటర్డే ట్రిప్ ఈజ్ కాల్డ్ ఆఫ్. ఫిల్ ఇన్ ద ఫామ్ అండ్ డ్రాప్ ఇట్ ఆఫ్ ఎట్ ద ఆఫీస్. వి హావ్ రన్ ఔట్ ఆఫ్ ఫామ్స్, సో లుక్ ఆఫ్టర్ యువర్ కాపీ.'

రేపు రావద్దు, గురువారం రండి. శనివారం ప్రయాణం లేదు, డబ్బు కట్టి ఉంటే అడిగి తీసుకోండి. ఫారం నింపి ఆఫీసులో ఇచ్చి వెళ్లండి, అక్కడ కూర్చోనక్కర్లేదు. ఫారాలు అయిపోయాయి, ఎవరూ పరుగెత్తి బయటికి పోలేదు. మీ కాపీ పోగొట్టుకోకండి, ఇంకొకటి దొరకదు. మా తరగతిలో ఎక్కువమంది తప్పింది ఈ చివరిదాని దగ్గరే. ఆఫ్టర్ అనే మాట చూసి, కాపీ సంగతి తర్వాత చూసుకోమన్నారని అనుకున్నారు.