సత్కార్యము – సాధనశుద్ధి

ఫలితము మంచిదైనచో, దానిని సాధించుటకై పెద్దలు చట్టమును దాటవచ్చునా? ఈ ప్రశ్న రాజ్యము నేలువారికే గాక, దుకాణము నడపువారికిని, సంఘపు సొమ్మును చేతబట్టిన ధర్మకర్తలకును ఎదురగుచుండును. కనుక నిదానముగా విచారింపవలెను.

తెలుగువారికి మిక్కిలి పరిచితమైన ఉదాహరణము కంచెర్ల గోపన్నది. నేలకొండపల్లివాడగు గోపన్న గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున (1672–1687) భద్రాచల ప్రాంతమునకు తహసీలుదారుగా నుండెను. సుల్తాను కొలువున మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. గోపన్న భద్రగిరిపై శ్రీరామునకు ఆలయము కట్టించెను. విరాళములు చాలక, సర్కారునకు చెల్లవలసిన శిస్తు సొమ్మును అనుమతి లేకయే వినియోగించెననియు, ఆ మొత్తము ఆరులక్షల వరహాలనియు జనులు చెప్పుదురు. అందులకు ఆయన గోలకొండ కోటలో ఖైదు ననుభవించెను. ఆ చెరసాలను నేటికిని చూపుచున్నారు.

ఆలయము గొప్పది. గోపన్న తనకై ఒక్క కాసు దాచుకొనెనని ఎవరును అనలేదు. అయినను ఆ సొమ్ము ఆయనది కాదు. రాయచూరు గంజ్‌లో ఒక గుమాస్తా యజమానికి చెప్పక గల్లాపెట్టెలోని పైకము తీసి అన్నదానము చేసెననుకొందము. ఆకలిగొన్నవారు తిన్నమాట నిజమే. కాని సాయంకాలము రోకడి సరిచూచుకొన్న యజమాని వానిని దాత యనునా?

ఐతిహ్యపు ముగింపు వర్తకులు ప్రత్యేకముగా గమనింపదగినది. రామలక్ష్మణులు మారువేషములతో వచ్చి బాకీ యంతయు చెల్లించి, సుల్తానుచేత రసీదు పుచ్చుకొనిరట. గుడి కట్టినాడు గనుక బాకీ రద్దయినదని భక్తజనులు సైతము చెప్పుకొనలేదు. బాకీ తీరిన పిదపనే గోపన్నకు విడుదల కలిగినది.

శ్రావకుని అచౌర్యాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. దొంగతనమునకు పురికొల్పుట, దొంగసొత్తు కొనుట, తప్పుడు తూనికలు కొలతలు, కల్తీ సరకు అమ్ముట, వీనితోపాటు విరుద్ధరాజ్యాతిక్రమము, అనగా రాజ్యపు కట్టుబాటును మీరుట. ఉద్దేశము మంచిదైనచో మినహాయింపు కలదని అందు చెప్పబడలేదు. దేవద్రవ్యమును సాధారణ ఖాతాకు మరల్చరాదను నియమమును ఇట్టిదే.

రాయచూరు జిల్లాలోని మస్కిలో 1915లో బయల్పడిన అశోకుని శాసనము, ధర్మముచే కలుగు ఉన్నతి గొప్పవారికే గాక అల్పునకును సాధ్యమని, ఈ మాట ఇరువురికిని తెలుపవలెనని చెప్పుచున్నది. ధర్మము ఇరువురికి నొక్కటియైనపుడు, చిన్నవానికి తప్పైనది పెద్దవానికి ఒప్పగుట యెట్లు?

చట్టమే అన్యాయమైనచో నేమి చేయవలెనని కొందరడుగుదురు. 1930లో గాంధీమహాత్ముడు ఉప్పుచట్టమును ఉల్లంఘించెను. కాని ముందుగా వైస్రాయికి లేఖ వ్రాసి తెలిపెను, అందరి యెదుట ఉల్లంఘించెను, చెరసాలకు పోయెను. చట్టము తనకు వర్తింపదని ఆయన అనలేదు. చాటుగా దాటుటకును, బహిరంగముగా ఎదిరించి శిక్ష స్వీకరించుటకును ఎంతో భేదము గలదు.

1975 జూన్ 25న ప్రకటింపబడిన అత్యవసర పరిస్థితిలో రైళ్లు వేళకు నడచుచున్నవని కొందరు సంతోషించిరి. ఆ కాలముననే వేలకొలది జనులు విచారణ లేక నిర్బంధింపబడిరి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ధర్మాసనమున నలుగురు న్యాయమూర్తులు, అట్టివారు కోర్టు నాశ్రయింపజాలరనిరి. న్యాయమూర్తి ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి. 1978 నాటి 44వ సవరణతో ప్రాణస్వేచ్ఛల రక్షణను అత్యవసర స్థితిలోనైనను నిలిపివేయరాదని రాజ్యాంగమున చేర్చిరి. 2017లో సుప్రీంకోర్టే ఆ పాత తీర్పును త్రోసిపుచ్చెను. రైళ్ల వేళలను మెచ్చినవారికి, తమ యింటివాడే నిర్బంధింపబడిన యెడల ఏ తలుపు తట్టవలెనో తెలియకపోయెడిది.

ఫలితము మంచిదని నిర్ణయించువాడు ఎవడు? చట్టమును దాటిన నాయకుడే గదా! సరకు కొనువాడే కాటా పట్టి తూచుచు, లెక్కయు తానే వ్రాసినచో ఆ తూకమును ఏ వర్తకుడు నమ్మును? నేడు మంచివాడు దాటిన గట్టును రేపు చెడ్డవాడును దాటును.

కాబట్టి నియమము సత్కార్యమునకు అడ్డమైనపుడు సభను పిలువవలెను, కారణము చెప్పవలెను, నియమమును మార్చి తీర్మానపు పుస్తకమున వ్రాయవలెను, పిదపనే పైకము తీయవలెను. ఆలస్యము కొంత కలుగవచ్చును. కాని మన తరువాత ఆ పుస్తకమును తెరచు మన బిడ్డలు తలవంచుకొనవలసిన పని యుండదు.