చలిదేశంలో నాన్న పాదాలు

ప్రశ్న: అమ్మానాన్న డిసెంబరులో గుంటూరు నుంచి షికాగో వస్తున్నారు. నాన్నకు షుగరు, ఇన్సులిన్ వాడతారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఇన్సులిన్ చేతిసంచీలోనే ఉండాలమ్మా. లగేజీలో వేస్తే గడ్డకట్టొచ్చు. అలా గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. డాక్టరు చీటీ వెంట ఉండాలి.

నా అసలు భయం పాదాల గురించే. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారు హీటరుకు కాళ్లు ఆనించి కూర్చుంటే కాలినా తెలియదు. ఇంట్లోని పొడి వేడిగాలికి మడమలు పగులుతాయి. కొబ్బరినూనె రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. రోజూ అరికాళ్లు మీరే చూడండి, నాన్నలు నోరు విప్పి చెప్పరు. మంచు మీద కాదు, మాల్‌లో నడిపించండి. డిసెంబరులో షికాగోలో సాయంత్రం 4:30కే చీకటి పడుతుంది, కాబట్టి ఆఫీసు నుంచి కాస్త త్వరగా రండి.

బీమా ప్రయాణానికి ముందే తీసుకోండి. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివాకే డబ్బు కట్టండి.